అత్తయ్య చేతి మీది మచ్చలు

"వదినా, మనం వేయించుకున్నది ఏ టీకా? కోవిషీల్డా, కోవాగ్జినా?"

2024 మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం ఖమ్మం నుంచి మా ఆడపడుచు ఫోను. గొంతులో కంగారు. "లండన్ కోర్టులో కంపెనీవాళ్ళే ఒప్పుకున్నారట, రక్తం గడ్డలు కడుతుందని! టీవీలో పొద్దున్నుంచీ అదే గోల. నాకు రాత్రి నుంచి తలనొప్పిగా ఉంది. ఒకసారి కాగితాలు చూసి చెప్పవూ?"

బీరువాలో పట్టుచీరల కింద ఒక ప్లాస్టిక్ కవరుంది. ఇంటిల్లిపాది టీకా సర్టిఫికెట్లు అందులోనే దాచాను. మా వారిదీ నాదీ కోవిషీల్డ్. అత్తయ్యదీ అదే. మా పిల్లాడిది కార్బివ్యాక్స్. ఆ కవరులో మామయ్యగారి కాగితం లేదు. ఎందుకు లేదో మా ఆడపడుచుకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఆవిడకి ఏదో సర్దిచెప్పి ఫోను పెట్టేశాను కానీ, నాకే సరిగ్గా తెలియని సంగతి ఆవిడకేం చెప్పానో అనిపించింది. కొత్త కుక్కరు కొంటే ఎలా వాడాలో చెప్పే చిన్న పుస్తకం చేతిలో పెడతారు. ఒంట్లోకి మందు ఎక్కించుకుని మూడేళ్ళయినా అది లోపల ఏం చేసిందో మనలో ఎంతమందికి తెలుసు? డిగ్రీలో నాది వృక్షశాస్త్రం. నా సంగతే ఇలా ఉంటే, మా వీధిలో అమ్మలక్కల్ని అనేదేముంది! అప్పటినుంచి దొరికినదల్లా చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. అదంతా వంటింటి భాషలో మీ ముందు పెడుతున్నాను.

నవమి అయ్యాక చూద్దాం

మాది దుమ్ముగూడెం. భద్రాచలం దాటి గోదావరి వెంట పైకి రావాలి. పర్ణశాల చూడటానికి వచ్చే యాత్రికులకు మా మండలం తెలిసే ఉంటుంది. ఇటు నది, అటు అడవి, ఆ అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. కోయగూడేలు ఎక్కువ.

దేశంలో టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. ముందు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకి. మన హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో మొదటి సూది ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్ళకీ, నలభై అయిదు దాటి షుగరు, గుండెజబ్బు వంటివి ఉన్నవాళ్ళకీ మొదలుపెట్టారు.

ఆ నెలలోనే మా ఏఎన్ఎం అమ్మాయి గుమ్మంలోకి వచ్చి పిలిచింది. "అక్కా, మాస్టారినీ మామ్మగారినీ తీసుకురా. జనం లేరు, తొందరగా అయిపోతుంది" అని. మామయ్యగారు రిటైరైన టీచరు. డెబ్భై ఏళ్ళు, షుగరు. ఆయన చొక్కా వేసుకోబోయారు కూడా. నేనే అడ్డుపడ్డాను. ఎవరో పంపిన వీడియోలో సూది వేయించుకున్న పెద్దాయన పడిపోయాడని చూశాను. "జ్వరం వస్తే ఈ ఎండల్లో తట్టుకోలేరు మామయ్యా, నవమి అయ్యాక చూద్దాం" అన్నాను. కోడలు తన మంచికే చెప్తోందనుకుని ఆయన చొక్కా మళ్ళీ కొక్కేనికి తగిలించేశారు.

ఆ ఏడు నవమి ఏప్రిల్ 21న వచ్చింది. భద్రాద్రిలో రాములవారి కల్యాణం రెండో ఏడు కూడా భక్తులు లేకుండానే జరిగింది. ఊహ తెలిసినప్పటినుంచీ ఏటా మిథిలా స్టేడియంలో కూర్చుని చూసిన మనిషి టీవీ ముందు కూర్చుని తలంబ్రాలు చూశారు. ఆ తరవాత వారానికి ఆయనకీ అత్తయ్యకీ జ్వరం. అత్తయ్య ఇంట్లోనే కోలుకుంది. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆక్సిజన్ పెట్టిన తొమ్మిదో రోజు ఆయన లేరు.

మార్చిలో టీకా వేయించి ఉంటే బతికేవారా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో! చదివాక తెలిసిందేమిటంటే, ఒక మనిషి విషయంలో దానికి జవాబు ఎవరూ చెప్పలేరు. అప్పటికి ఒక్క డోసే పడి ఉండేది. ఒక్క డోసుతో పూర్తి రక్షణ రాదు. కానీ అసలు రక్షణ లేకపోవడం కంటే అది మెరుగన్నది మాత్రం ఖాయం. వెయ్యిమందిని, లక్షమందిని కలిపి చూస్తే తేడా స్పష్టంగా కనబడుతుంది. నాకు కావలసింది లక్షమంది లెక్క కాదు, ఒక్కరి లెక్క. అది దొరకదు.

తాళంచెవి, లక్క

కరోనా వైరస్ ఒంటినిండా ముళ్ళున్న బంతిలా ఉంటుందని బొమ్మల్లో చూశాం కదా. ఆ ముళ్ళే దాని ఆయువుపట్టు. మన ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉండే కణాలకి తలుపుల్లాంటివి ఉన్నాయి. ఈ ముల్లు ఆ తలుపుకి సరిపోయే తాళంచెవి. తాళం తీసి లోపలికి దూరిందంటే, ఇక మన సరుకుతోనే తనలాంటివాటిని వేలకొద్దీ తయారుచేసుకుంటుంది.

దొంగని ముందెప్పుడూ చూడకపోతే మన ఒంటికి వాణ్ణి పట్టడానికి రోజులు కావాలి. ఎవడో తెలుసుకోవాలి, సరిపడా ఆయుధం తయారుచేసుకోవాలి, దాన్ని ఎక్కువ సంఖ్యలో చేసుకోవాలి. ఈలోపల దొంగ ఇల్లంతా సర్దేసుకోవచ్చు. పెద్దవయసువాళ్ళలో, షుగరున్నవాళ్ళలో ఈ ఆలస్యమే కొంప ముంచింది. టీకా చేసే పని ఆ దొంగ ఆనవాలు ముందుగానే చూపించడం. అంతే. టీకా తానే వైరస్‌ని చంపదు. చంపేది మన ఒళ్ళే.

ఆనవాలు చూశాక మన ఒంట్లో రెండు రకాల పని మొదలవుతుంది. ఒకటి, యాంటీబాడీలు అనే పదార్థాలు తయారవుతాయి. తాళంచెవి పళ్ళకి లక్క అంటిస్తే తాళంలో దూరుతుందా? యాంటీబాడీలు వెళ్ళి ఆ ముళ్ళకి అంటుకుని అదే పని చేస్తాయి. రెండోది, టీ కణాలని కొన్ని ఉంటాయి. లక్క తప్పించుకుని వైరస్ ఏ కణంలోనైనా దూరితే, ఆ కణాన్నే గుర్తుపట్టి తుదముట్టిస్తాయి. పని అయ్యాక కొన్ని కణాలు జ్ఞాపకం పెట్టుకుని ఉండిపోతాయి. మళ్ళీ అదే దొంగ వస్తే ఈసారి వారాలు పట్టదు.

టీకా వేయించుకున్న చేతి వైపు చంకలో కొంతమందికి బిళ్ళలు కట్టాయి, గుర్తుందా? మా ఎదురింటి ఆవిడ రొమ్ములో గడ్డేమోనని హడలిపోయి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ బిళ్ళలు మరేం కాదు, ఈ కణాలన్నీ పోగై పాఠం నేర్చుకునే చోట్లు. పని ఎక్కువైతే వాస్తాయి, కొన్నాళ్ళకి తగ్గిపోతాయి. తగ్గకపోతే మాత్రం డాక్టరుకి చూపించుకోవలసిందే.

వేయించిన గింజ

దొంగ ఆనవాలు చూపించడానికి ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది.

కోవాగ్జిన్ మన హైదరాబాదు శివారులో జినోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారీ. వైరస్‌ని వేరుచేసి ఇచ్చింది పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ. అప్పుడు దాని డైరెక్టరు డాక్టర్ ప్రియా అబ్రహాం అనే ఆవిడ. ఈ టీకాలో ఉండేది అసలు వైరసే, కానీ రసాయనంతో చంపినది. ఉలవలు నానబెడితే మొలకెత్తుతాయి. బాణలిలో దోరగా వేయించినవి నానబెట్టి చూడండి, ఒక్కటీ మొలవదు. చూడటానికి ఉలవే, ఆకారమూ అదే. చచ్చిన వైరస్ కూడా అంతే. మన ఒంటికి ఆకారం తెలుస్తుంది, పెరిగే ప్రమాదం ఉండదు. "టీకా వల్లే కరోనా వచ్చింది" అనే మాటకి ఇదే జవాబు. అయితే ఒట్టి గింజతో మన ఒళ్ళు అంతగా కదలదట. అందుకని పప్పుకి తాలింపులా, కాస్త పటిక జాతి పదార్థం కలుపుతారు. అది ఒంటిని అదిలిస్తుంది.

కోవిషీల్డ్ దారి వేరు. దాన్ని రూపొందించింది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. ఆ పని నడిపించినావిడ సారా గిల్బర్ట్. ఒకే కాన్పులో ముగ్గురు పిల్లల్ని కన్న తల్లి. మన దేశంలో తయారుచేసింది పుణెలోని సీరం సంస్థ. చింపాంజీలకి జలుబు తెచ్చే ఒక వైరస్‌ని తీసుకుని, అది పెరగకుండా చేసి, దాని చేతికి ఒక ఉత్తరం ఇచ్చి పంపారనుకోండి. ఉత్తరంలో ఉన్నది కరోనా ముల్లు ఎలా చేయాలన్న వివరం. మన కణాలు ఆ ఉత్తరం చదివి కొన్నాళ్ళపాటు ముళ్ళు మాత్రం తయారుచేస్తాయి. మన ఒళ్ళు వాటిని చూసి పాఠం నేర్చుకుంటుంది. ఉత్తరం చిరిగిపోతుంది. మన జన్యువుల్లో కలిసిపోదు.

మా పిల్లాడికి వేసిన కార్బివ్యాక్స్ కూడా హైదరాబాదుదే. 1953 నుంచీ ఉన్న బయోలాజికల్ ఇ కంపెనీది, దాని బాధ్యత చూసేది మహిమా దాట్ల. ఇందులో వైరసూ లేదు, ఉత్తరమూ లేదు. ఈస్టు జాతి కణాల్లో ఆ ముల్లు మొనని మాత్రం పెంచి, శుభ్రం చేసి, తాలింపుతో ఇస్తారు. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు 2022 మార్చి 16 నుంచి ఇదే వేశారు.

అమెరికాలోనూ ఐరోపాలోనూ ఎక్కువగా వాడిన ఫైజరు, మోడెర్నా టీకాలు మన ఊళ్ళ దాకా రాలేదు. వాటిలో పోస్టుమాను లేడు, ఉత్తరం ఒక్కటే, దాన్ని కొవ్వు పొరలో చుట్టి పంపుతారు. దాని వెనక ఉన్న కాటలిన్ కరికో కథ చెప్పకుండా ఉండలేను. హంగరీలో కసాయి దుకాణంవాడి కూతురు. 1985లో భర్తనీ రెండేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని అమెరికా వెళ్ళేటప్పుడు, ఉన్న కాస్త డబ్బూ కూతురి ఎలుగుబంటి బొమ్మలో పెట్టి కుట్టేసిందట. అక్కడ ఏళ్ళ తరబడి ఆవిడ పరిశోధనకి డబ్బిచ్చినవాళ్ళు లేరు, ఉద్యోగంలో కింది మెట్టుకి దించారు కూడా. 2023లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక ఆ శాతాల సంగతి. కోవాగ్జిన్ 77.8 శాతం పనిచేస్తుందంటే మా వీధిలో అందరం, నాతో సహా, వందమందికి వేస్తే ఇరవై ఇద్దరికి కరోనా వస్తుందని అనుకున్నాం. కాదు. పరీక్షలో సుమారు ఎనిమిదిన్నర వేలమందికి టీకా, మరో ఎనిమిదిన్నర వేలమందికి మందు లేని సూది వేసి లెక్క చూశారు. మందు లేని సూది వేసుకున్నవాళ్ళలో 106 మందికి జబ్బు లక్షణాలు వచ్చాయి. టీకా వేసుకున్నవాళ్ళలో 24 మందికి. శాతం ఆ తేడాది. అసలు ఈ ఫలితాలు రాకముందే, 2021 జనవరి 3న, కోవాగ్జిన్‌కి అనుమతి ఇచ్చేశారు. ఫలితాలు జులైలో గానీ బయటికి రాలేదు. మంచి టీకాయే అని తరవాత తేలింది కానీ, ఆ తొందర వల్ల జనంలో పడిన అనుమానం ఊరికే పోలేదని నా అభిప్రాయం. నాలాంటివాళ్ళు "నవమి అయ్యాక" అనడానికి అదీ ఒక సాకు దొరికింది.

పదిమంది కుదిరాకే

మా ఏఎన్ఎం అమ్మాయి భుజాన నీలం పెట్టె ఒకటి ఉంటుంది. మన ఇళ్ళల్లో పల్స్ పోలియో రోజుల నుంచీ చూస్తున్నదే. అందులో టీకా సీసాల చుట్టూ నాలుగు ఐసు పలకలు ఉంటాయి. నేను ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకునేదాన్ని. "అట్లా కాదక్కా, వేడెక్కినా పాడే, గడ్డకట్టినా పాడే. రెండు డిగ్రీలు, ఎనిమిది డిగ్రీలు, ఆ మధ్యనే ఉండాలి" అంది. అందుకని ఫ్రీజరులోంచి తీసిన ఐసు పలకని వెంటనే పెట్టెలో పెట్టరు. బయట ఉంచి, దానికి చెమటపట్టి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినబడ్డాక అప్పుడు పెడతారు. ఎంత సున్నితమైన లెక్కో చూడండి! మనం సాంబారు గిన్నె వేడివేడిగా ఫ్రిజ్‌లో తోసేస్తాం.

కోవిషీల్డ్ సీసాలో పదిమందికి సరిపడా మందు ఉంటుంది. మూత తెరిచాక నాలుగు గంటల్లో వాడేయాలి. వాగు దాటి గూడేనికి వెళితే ఆరుగురే వచ్చారనుకోండి. సీసా తెరిస్తే నాలుగు డోసులు నేలపాలు, తెరవకపోతే వచ్చిన ఆరుగురూ వెనక్కి. వెనక్కి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు. "అందరూ టీకాలు వేయటం గురించే అడుగుతారక్కా, పదోమనిషి కోసం చెట్టుకింద కూర్చోవటం గురించి ఎవరూ అడగరు" అందా అమ్మాయి నవ్వుతూ.

2021లో అడవిలోపలి గూడేల్లో, ముఖ్యంగా 2005 తరవాత ఛత్తీస్‌గఢ్ అల్లర్లకి భయపడి ఇటు వచ్చి స్థిరపడ్డ గుత్తికోయల ఊళ్ళలో, జీపు చప్పుడు వింటే జనం అడవిలోకి వెళ్ళిపోయారు. బస్తీల్లో కూర్చున్నవాళ్ళం దాన్ని అమాయకత్వం అనేశాం. వాళ్ళని అడిగినవాళ్ళు చెప్పిన కారణం వేరు. ఏప్రిల్, మే తునికాకు కోసే రోజులు. ఆ నెల కూలితోనే ఏడాది ఖర్చులు చాలా మటుకు గడవాలి. సూది వేస్తే రెండు రోజులు జ్వరమంటారు. రెండు రోజులు పడుకుంటే కట్టలు ఎవరు కడతారు? జూన్‌లో వాన పడితే పోడులో విత్తనం వేయాలి. ఇందులో అమాయకత్వం ఏముంది? నేను జ్వరం వస్తుందని భయపడే మామయ్యగారిని ఆపాను. నాకు కూలి పోయే బాధ కూడా లేదు.

మా ఏఎన్ఎం, కోయ భాష తెలిసిన ఆశా కార్యకర్త కలిసి పద్ధతి మార్చారు. పగలు కాకుండా సాయంత్రం, ఆకు కోసి తిరిగివచ్చే వేళకి వెళ్ళారు. సంత రోజున వచ్చినవాళ్ళని పలకరించారు. ముందు ఆశా కార్యకర్త అందరి ఎదుట తన చెయ్యి చూపించి, "నాకు వేసి నెలయింది, నిన్న నీళ్ళు మోశాను" అంది. జ్వరం బిళ్ళలు ఇచ్చి, మర్నాడు మళ్ళీ వెళ్ళి ఎలా ఉన్నారని అడిగి వచ్చారు. ఆ మర్నాటి రాకే ఎక్కువ పనిచేసిందంటుంది ఆ అమ్మాయి.

మన భయాలు

మగవాళ్ళ ముందు అడగలేక మనలో మనం గుసగుసగా అనుకున్నవి కొన్ని ఉన్నాయి. నెలసరికి అయిదు రోజులు ముందు, అయిదు రోజులు తరవాత టీకా వేయించుకోకూడదన్న మెసేజి 2021 ఏప్రిల్‌లో ఎంతమందిని తిప్పిందో! అందులో నిజం లేదని ప్రభుత్వమే ప్రకటించింది. అయితే "నాకు ఆ నెల తేడా వచ్చింది" అన్నవాళ్ళ మాట కొట్టిపారేయవలసింది కాదు. అమెరికాలో తరవాత వేలమంది స్త్రీల నెలసరి లెక్కలు తీసి చూస్తే, టీకా పడిన నెలలో సగటున ఒక రోజు కంటే తక్కువ ఆలస్యం కనిపించింది, మళ్ళీ మామూలైపోయింది. మనం చెప్పిన మాటని మొదటే ఎవరైనా నమ్మి చూసి ఉంటే అన్ని పుకార్లు పుట్టేవి కావేమో.

పిల్లలు పుట్టరన్న మాటకి ఏ ఆధారమూ దొరకలేదు. పాలిచ్చే తల్లులు వేయించుకోవచ్చని 2021 మే 19నే చెప్పారు. గర్భిణుల విషయంలో మాత్రం ఆలస్యం జరిగింది. మొదటి పరీక్షల్లో గర్భిణుల్ని చేర్చలేదు కనక, వాళ్ళకి భద్రమో కాదో చెప్పే లెక్కలు లేవు. లెక్కలు లేవు కనక అనుమతి లేదు. మా పక్కింటి పిల్ల ఆ మేలో ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఎవరికి దగ్గు వచ్చినా ఆ తల్లీకూతుళ్ళు తలుపులు వేసుకునేవారు. కిటికీలోంచి ఉప్మా గిన్నె అందించిన రోజులున్నాయి. జులై 2న గర్భిణులకు వేయవచ్చని ప్రకటన వచ్చేసరికి ఆ పిల్లకి నెలలు నిండిపోయాయి. దేవుడి దయవల్ల సుఖంగానే ప్రసవమైంది, బాలింతగానే టీకా వేయించుకుంది. గర్భిణులకి కరోనా వస్తే మామూలు ఆడవాళ్ళకంటే ప్రమాదం ఎక్కువని అప్పటికే తెలుసు. ఎవరికి ఎక్కువ ప్రమాదమో వాళ్ళనే చివరికి నిలబెట్టారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

లక్షలో ఒకరిద్దరు

మా ఆడపడుచు ప్రశ్న దగ్గరికి వద్దాం. కోవిషీల్డ్ వల్ల రక్తం గడ్డకట్టే జబ్బు రావడం నిజమే. అబద్ధమని చెప్పి మభ్యపెట్టడం నాకిష్టం లేదు. అయితే అది 2024లో కొత్తగా బయటపడిన రహస్యం కాదు. 2021 ఏప్రిల్‌లోనే ఐరోపా మందుల నియంత్రణ సంస్థ చెప్పింది. అక్కడి లెక్కల్లో లక్షమందికి ఒకరిద్దరికి వచ్చింది, వయసులో చిన్నవాళ్ళకి కాస్త ఎక్కువగా. అందుకే బ్రిటన్‌లో చిన్నవయసువాళ్ళకి వేరే టీకా ఇచ్చారు. మన దేశంలో నమోదైనవి ఇంకా తక్కువ. వచ్చినవాళ్ళకి అది వందకు వంద. ఆ కుటుంబాల బాధని లెక్కలతో తుడిచేయకూడదు.

కానీ ఆ జబ్బు వచ్చేది సూది పడిన మొదటి కొద్ది వారాల్లోనే. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, కాలి వాపు దాని గుర్తులు. 2021లో వేసుకున్న టీకాకి 2024లో తలనొప్పి రాదు. ఇదే చెప్పాను మా ఆడపడుచుకి రెండోసారి ఫోను చేసి. కళ్ళద్దాల నంబరు మార్పించుకోమన్నాను. నిజంగానే మారిందట!

రెండో పళ్ళెంలో ఏముందో కూడా చూడాలి కదా. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు 2022లో వేసిన అంచనా ప్రకారం టీకాలు వచ్చిన మొదటి ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద సుమారు 1 కోటి 98 లక్షల ప్రాణాలు నిలిచాయి. అందులో 42 లక్షలు మన దేశంలోవి.

"మరి టీకా వేసుకున్నాక కూడా నాకు కరోనా వచ్చిందేం?" అని అడిగేవాళ్ళున్నారు. లక్క, అంటే యాంటీబాడీలు, కొన్ని నెలల్లో తగ్గిపోతాయి. ఒమిక్రాన్ లాంటి కొత్త రకాలు తాళంచెవి పళ్ళు కొంచెం మార్చుకుని వచ్చాయి, పాత లక్క సరిగా అంటలేదు. అందుకని గుమ్మం దాకా రాగలిగాయి. కానీ జ్ఞాపకం ఉన్న టీ కణాలు లోపల కాచుకుని ఉన్నాయి కనక, చాలామందికి జలుబూ దగ్గుతో సరిపోయింది. రెండో డోసు, మూడో డోసు ఆ జ్ఞాపకాన్ని గట్టిపరచడానికే. ఎక్కం ఒకసారి చదివితే వస్తుందా?

గాదెలో దాచిన రోజు

మామయ్యగారి పెద్దకర్మ అయ్యాక, ఆగస్టులో ఒక రోజు అత్తయ్యే అడిగింది, "నాకు సూది ఎప్పుడు వేయిస్తావమ్మా?" అని. కరోనా వచ్చి తగ్గినవాళ్ళు మూడు నెలలు ఆగాలన్నారు, ఆ గడువు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోందని నాకు తెలియదు. నేనేమీ మాట్లాడలేకపోయాను. నా మొహం చూసి కాబోలు, ఎడమచేయి చాపి మోచేతి కింద ఉన్న రెండు గుండ్రటి మచ్చలు చూపించింది. పదహారేళ్ళుగా చూస్తున్న మచ్చలే, ఏమిటని ఎప్పుడూ అడగలేదు.

అవి మశూచి టీకా మచ్చలు. ఆవిడది చర్ల వైపు పల్లె. చిన్నతనంలో టీకాలవాడు వస్తున్నాడంటే ఊరంతా పరుగులేనట. అమ్మవారు పోసే జబ్బుకి అడ్డుపడితే ఆవిడకి కోపం వస్తుందని భయం. వాళ్ళ నాయనమ్మ పిల్లలిద్దర్నీ ఖాళీ గాదెలో దాచి పైన చాప కప్పింది. అత్తయ్యకి తుమ్ము వచ్చింది. ఆవిణ్ణి బయటికి లాగి, ముళ్ళున్న చక్రం లాంటిది చేతి మీద పెట్టి గిర్రున తిప్పారు. తమ్ముడు తుమ్మలేదు. "రెండేళ్ళకి ఊళ్ళోకి అమ్మవారు వచ్చింది. వాడి మచ్చలు మొహం నిండా, నా మచ్చలు చేతి మీద" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు.

1975 మే తరవాత మన దేశంలో మశూచి మళ్ళీ కనబడలేదు. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. అందుకే మనవాళ్ళ తరానికి ఆ మచ్చలు లేవు.

ఆవిడకి మొదటి డోసు ఆ ఆగస్టులో, రెండోది నవంబరులో వేయించాను. మూడో డోసు 2022 జులై 15 నుంచి పెద్దవాళ్ళందరికీ ఉచితమన్నారు. ఆ మర్నాడే భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 తరవాత అంత వరద లేదు. మేమంతా సామాన్లు అటక మీద పెట్టి మెట్టన ఉన్న బంధువుల ఇంటికి చేరాం. సర్టిఫికెట్ల కవరు మాత్రం నా జాకెట్టులో దోపుకున్నాను.

నీళ్ళు తీసి, బురద ఎత్తిపోసి ఇల్లు కడుక్కుంటున్న రోజుల్లో ఏఎన్ఎం అమ్మాయి మోకాళ్ళ దాకా బురదతో, భుజాన నీలం పెట్టెతో వచ్చింది. ఆమె ఇంట్లోకీ నీళ్ళొచ్చాయని తరవాత తెలిసింది. అరుగు కడిగి కుర్చీ వేశాను. తొమ్మిదిమంది పోగయ్యారు, పదోమనిషి కోసం నేను వీధి చివరిదాకా వెళ్ళి ఒకావిణ్ణి పిలుచుకొచ్చాను. సీసా మూత తెరిచింది.

అత్తయ్య చేయి చాపింది. సూది పడ్డాక దూది ఒత్తిపట్టుకుని, "ఇది మచ్చ పడదా?" అని అడిగింది.

"పడదు మామ్మగారూ" అంది ఆ అమ్మాయి.

"మరి నా తరవాత వాళ్ళకి ఎట్లా తెలుస్తుందే, వేశారని?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను కవరు తేవడానికి లోపలికి వెళ్ళాను.